సెప్సిస్‌లో పడిపోయిన గుండె పంపింగ్: ఎలుకల ప్రయోగాలను నమ్మొచ్చా?

పీజీ విద్యార్థి:
సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినడం) వల్ల గుండె బలహీనపడితే ఫలానా మందు కాపాడిందంటూ వచ్చిన ఎలుకల పేపర్లు జర్నల్ క్లబ్ కోసం చదువుతున్నాను. చదివినవాటిలో దాదాపు అన్ని మందులూ పనిచేశాయి. మరి రోగుల దాకా ఎందుకు రావడం లేదు? ఈ ప్రయోగాలు ఆపేయాలంటారా?

ఐసీయూ డాక్టర్:
ఆపేయాలనే అంటాను. గుండె పంపింగ్ పెంచే మందు, జంతువుల్లో ఆశ పుట్టించిన లెవోసిమెండాన్‌నే తీసుకోండి. 2016లో వచ్చిన బ్రిటన్ ట్రయల్‌లో 516 మంది సెప్టిక్ షాక్ (సెప్సిస్ ముదిరి బీపీ పడిపోయిన) రోగులున్నారు. అవయవాల వైఫల్యం తగ్గలేదు, మరణాలూ తగ్గలేదు. పైగా గుండె లయ తప్పడం ఎక్కువైంది. ఇంకెన్ని ఎలుకలు చావాలి?

ల్యాబ్ పరిశోధకురాలు:
సార్, ఆ ట్రయల్‌లో గుండె బలహీనపడ్డవాళ్లనే ఏరి తీసుకోలేదు కదా. అది ఎలుకల మీద వేయాల్సిన నింద కాదు.

మా వైపు తప్పులు మాత్రం ఒప్పుకుంటాను. వయసులో ఉన్న, ఏ జబ్బూ లేని ఎలుకకు ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా పైపొరలోని విషపదార్థం) సూది వేస్తాం. చాలాసార్లు మందు అంతకుముందే ఇచ్చేస్తాం. మీ దగ్గరికొచ్చే రోగికి వయసు మీరి ఉంటుంది, షుగరు, బీపీ ఉంటాయి, జబ్బు ముదిరి ఉంటుంది. ఇంకో పెద్ద లోపం సెలైన్ ఇవ్వకపోవడం. రక్తనాళాల్లో ద్రవం తగ్గితే గుండెకు నింపుకోవడానికే రక్తం చాలదు. ఎకోలో (గుండె స్కాన్‌లో) అది గుండె కండరం దెబ్బతిన్నట్టే కనిపించొచ్చు. సెలైన్, యాంటీబయాటిక్, నొప్పి మందు ఇవ్వాలని 2018 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. ఇప్పటికీ పాటించనివాళ్లున్నారు, అది నాకు బాధే.

ఐసీయూ డాక్టర్:
ట్రయల్ గురించి మీరన్నది నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ అసలు పంపింగ్ పెంచడమే మేలని ఎవరు తేల్చారు? 1984లో పార్కర్ బృందం 20 మంది సెప్టిక్ షాక్ రోగులను చూసింది. గుండె ఉబ్బి, పంపింగ్ పడిపోయింది ఎక్కువగా బతికినవాళ్లలోనే. సుమారు 10 రోజుల్లో మళ్లీ మామూలైంది. చనిపోయినవాళ్ల పంపింగ్ మొదట్లో బాగానే ఉంది! చిన్న అధ్యయనమే, అయినా నన్ను ఇప్పటికీ వదలదు. గుండె తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంటే, మనం కొరడా ఝుళిపిస్తున్నామేమో.

ల్యాబ్ పరిశోధకురాలు:
అది తేల్చాలన్నా జంతువులే కావాలి సార్. పేగుకు రంధ్రం చేసి సెప్సిస్ తెప్పించి, పూర్తి చికిత్స ఇచ్చి, ఎకోలో పంపింగ్ పడ్డాకే మందు మొదలుపెట్టాలి. ఏడు రోజులకు ఎన్ని బతికాయో లెక్కపెట్టాలి.

పీజీ విద్యార్థి:
మేడమ్, ఇప్పుడే నా దగ్గరున్న పేపర్లన్నీ మళ్లీ తిరగేశాను. ఎక్కువవాటిలో 24 గంటల్లోపే ఎలుకలను చంపి గుండె తీశారు.