పొద్దుట్నుంచి ఉడుకుతనే ఉంది, జామ్ గట్టిపడతలేదు. ఏం వెయ్యాలె?

బోడుప్పల్ బ్యాచిలర్:
అందరికీ నమస్తే. టిఫిన్ అయినంక పొయ్యి మీద పెట్టిన, లంచ్ టైమ్ దాటింది, జామ్ ఇంకా పల్చగనే ఉంది. గరిటెతోని ఎత్తితే మొత్తం జారిపోతుంది. వీడియోల అయితే ఇరవై నిమిషాలల్ల అయిపోతదన్నరు. పండు, తీపి, నిమ్మరసం అన్నీ వేసిన. గ్యాస్ అయిపోతుంది, ఓపిక కూడా. ఇంకేం వేస్తే గట్టిపడతదో జల్ది చెప్పండి. కార్న్‌ఫ్లోర్ వెయ్యొచ్చా?

ముక్తసరి:
ఏ పండు? ఎంత? చక్కెర ఎంత? మూత ఉందా? కార్న్‌ఫ్లోర్ వద్దు.

సీసాలక్క:
గట్టిపడటం సంగతి తర్వాత, ముందు సీసాలు సిద్ధం చేసుకున్నారా తమ్ముడూ? అందరూ జామ్ అయిపోయాక సీసా కోసం వెతుకుతారు. బూజు మొదలయ్యేది అక్కడే. గాజు సీసాలు కడిగి, మునిగేంత నీళ్లలో పెట్టి, మరగడం మొదలయ్యాక పది నిమిషాలు ఉంచండి. బయటికి తీసి శుభ్రమైన పొడిబట్ట మీద బోర్లించాలి, లోపల తుడవకూడదు. సీసా వేడిగా ఉన్నప్పుడే వేడి జామ్ పొయ్యాలి. చల్లటి సీసాలో పోస్తే పగులుతుంది. సీసాని గ్రానైట్ గట్టు మీద కాదు, చెక్క పీట మీద పెట్టండి. పైన అర సెంటీమీటరు ఖాళీ వదిలి వెంటనే మూత బిగించాలి. పచ్చడి పెట్టిన పాత మూతలు వాడకండి, వెల్లుల్లి వాసన ఎన్నిసార్లు కడిగినా పోదు.

బోడుప్పల్ బ్యాచిలర్:
అక్కా, సీసాల పొయ్యడానికి జామ్ అయితే కదా.
బొప్పాయి, రెండు కిలోలు. చక్కెర మంచిది కాదని బెల్లం వేసిన, అర కిలో. అల్యూమినియం కుక్కర్ల సిమ్ మీద పెట్టిన. మీదికి చిమ్ముతుందని మూత పెట్టిన, విజిల్ లేకుండ. నిమ్మకాయ ఒకటి పిండిన.

ముక్తసరి:
మూత తీయండి. మంట పెంచండి. గిన్నె మార్చండి.

బ్రిక్స్ బాబాయ్:
బాబూ, ఈ వివరాలు మొదటే చెప్పాల్సింది. మీ జామ్ గట్టిపడకపోవడానికి ఒకటి కాదు, నాలుగు కారణాలున్నాయి.

మొదటిది నీరు. రెండు కిలోల బొప్పాయికి తొక్క, గింజలు పోను కిలోన్నర గుజ్జు వస్తుంది. అందులో దాదాపు 89 శాతం నీళ్లే. అంటే ఘనపదార్థం 165 గ్రాములు. అర కిలో బెల్లంలో తేమ పోను 475. మొత్తం 640 గ్రాములు. జామ్‌లో మూడింట రెండు వంతులు ఘనపదార్థం ఉండాలి కాబట్టి మీ గిన్నెలో సరుకు రెండు కిలోల నుంచి కిలో లోపుకి దిగాలి. మూత పెడితే ఆవిరి మళ్లీ నీరై లోపలే పడుతుంది. సిమ్‌లో సాయంత్రం దాకా ఉంచినా అంతే.

రెండోది పులుపు. బొప్పాయిలో అది చాలా తక్కువ, పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5 దాటి ఉంటుంది. పెక్టిన్, అంటే పండులో ఉండి జామ్‌ని గట్టిపరిచే పదార్థం, పట్టుకోవాలంటే 3.2 దరిదాపుల్లోకి రావాలి. ఒక్క నిమ్మకాయ ఏ మూలకి? కొందరు బెల్లం తయారీలో సున్నం వాడతారు, అలాంటిదైతే వేసిన పులుపులో కొంత అదే తినేస్తుంది.

మూడోది, బాగా మగ్గిన పండైతే పెక్టిన్ సగం పోయినట్టే. నాలుగోది, గంటల తరబడి ఉడికిస్తే ఉన్న పెక్టిన్ కూడా విరిగిపోతుంది. ఇంకా ఉడికిస్తే గట్టిపడుతుందనుకుంటారు గానీ ఒక హద్దు దాటాక వచ్చేది పాకమే.

పచ్చి హల్వా:
అయినా బెల్లం వేసినదాన్ని జామ్ అనరు. బొప్పాయి హల్వా అనండి, గొడవ ఉండదు.

బ్రిక్స్ బాబాయ్:
ఎందుకనరు? వడగట్టిన రసంతో చేస్తే జెల్లీ, గుజ్జుతో చేస్తే జామ్. అమ్మే జామ్‌కైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ) లెక్క ఉంది: పండు 45 శాతం, కరిగిన ఘనపదార్థం 65 శాతం తగ్గకూడదు.

పచ్చి హల్వా:
ఇంట్లో తినేదానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఎందుకు బాబాయ్?

ముక్తసరి:
65 లేకపోతే బూజు. అందుకు.

బోడుప్పల్ బ్యాచిలర్:
పేరు ఏదైనా పెట్టుకోండి సార్, ఇప్పుడు ఏం చెయ్యాలె? పారబోయాల్నా?

బ్రిక్స్ బాబాయ్:
పారబోయక్కర్లేదు. పచ్చిదనం పోని జామకాయలు పావుకిలో తీసుకోండి, మెత్తటి పండ్లు వద్దు. గింజలతో సహా ముక్కలు కోసి, మునిగేటన్ని నీళ్లు పోసి, అరగంట సన్నటి మంట మీద ఉడికించండి. పల్చటి బట్టలో వేసి దానంతట అది కారనివ్వండి. పిండితే రసం మసకబారుతుంది, రుచికేం నష్టం లేదు. ఆ రసంలో ఉన్నదే పెక్టిన్. పొడి కొనక్కర్లేదు.

బొప్పాయిని వెడల్పాటి, అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలోకి మార్చండి. సగానికి మించి నింపొద్దు, పొంగుతుంది. జామరసం పోసి, అర కిలో చక్కెర వేసి కరగనివ్వండి. తర్వాత పెద్ద మంట, మూత లేకుండా, అడుగు గీకుతూ కలపాలి. ఖాళీ గిన్నె బరువు ముందే చూసి పెట్టుకోండి. చక్కెర కలిశాక మీ ఘనపదార్థం 1,140 గ్రాములు, కాబట్టి సరుకు 1,700 గ్రాములకి దిగితే చాలు.

థర్మామీటర్ ఉంటే ఇంకో మాట. పుస్తకాల్లో 105 డిగ్రీలు అని ఉంటుంది, అది సముద్రమట్టానికి. హైదరాబాద్ 500 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్లే 98 దగ్గర మరుగుతాయి. 103 రాగానే దించాలి. 105 కోసం ఆగితే ముదురుతుంది.

సహజ వంటిల్లు:
చక్కెర వద్దన్న మనిషికి మళ్లీ అర కిలో చక్కెరా! ఇక సిట్రిక్ యాసిడ్ అనే కెమికల్ కూడా చెప్తారేమో.

బ్రిక్స్ బాబాయ్:
చెప్తాను. అది నిమ్మకాయలో ఉన్న పులుపేనమ్మా. ఫ్యాక్టరీలో తీపి ద్రావణాన్ని పులియబెట్టి తీస్తారు. కిలోన్నర గుజ్జుకి 6 గ్రాములు, అంటే టీస్పూన్ తలకొట్టి ఒకటింపావు. వద్దనుకుంటే ఆరేడు నిమ్మకాయల రసం. చక్కెర తగ్గించుకుని ఫ్రిజ్‌లో పెట్టుకుంటారా, అదీ సరే. దాన్ని బయట పెట్టి ఏడాది నిలవ ఉండాలనొద్దు.

సీసాలక్క:
బేగంబజార్‌లో నిమ్మ ఉప్పు అని అడిగితే ఇదే ఇస్తారు తమ్ముడూ. వంటసోడా డబ్బా పక్కనే పెట్టుకోకండి, రెండూ తెల్లగానే ఉంటాయి. సోడా పడితే ఉన్న పులుపూ పోతుంది. వెడల్పు మూతి సీసాలు కూడా అక్కడే…

బోడుప్పల్ బ్యాచిలర్:
నిమ్మరసం ఇప్పుడే పొయ్యాల్నా, దించేటప్పుడా?

సీసాలక్క:
మొదట్లోనే. పులుపుతో కలిసి ఉడికితేనే చక్కెర కొంత విరిగి, తర్వాత పలుకులు కట్టకుండా ఉంటుంది.

బ్రిక్స్ బాబాయ్:
ఇప్పటికే ఇంతసేపు ఉడికింది, మళ్లీ మొదటి నుంచీ పులుపుతో మరిగిస్తే పెక్టిన్ ఏం మిగులుతుంది? చివర్లో పొయ్యాలి.

సీసాలక్క:
చివర్లో పోస్తే పైపైనే ఉంటుంది బాబాయ్ గారూ.

ముక్తసరి:
సగం ఇప్పుడు. సగం దించే ముందు ఐదు నిమిషాలకి.

బ్రిక్స్ బాబాయ్:
సరే, అలా కానివ్వండి. స్టీలు ప్లేటు ఒకటి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. అయిందనిపించినప్పుడు పొయ్యి ఆర్పేసి, ఒక చుక్క ప్లేటు మీద వేసి, నిమిషం ఆగి వేలితో నెట్టండి. పైన ముడత పడితే అయినట్టు. ఆర్పకుండా పరీక్ష చేస్తే ఆ రెండు నిమిషాల్లోనే ముదిరిపోతుంది. వేడి మీద అది ఎప్పుడూ పల్చగానే కనిపిస్తుంది, చల్లారాక పట్టుకుంటుంది. పూర్తిగా సర్దుకోడానికి మర్నాటి దాకా పడుతుంది.

సహజ వంటిల్లు:
చైనాగ్రాస్ (సముద్రపు నాచు నుంచి తీసే, గడ్డకట్టించే పదార్థం) నాలుగు పోగులు వేస్తే ఈ చక్కెర గొడవంతా ఉండదు.

ముక్తసరి:
గడ్డకడుతుంది. నిలవ ఉండదు. రెండూ వేరు.

సీసాలక్క:
అల్యూమినియం సంగతి ఎవరూ గట్టిగా చెప్పలేదు. పులుపు తగిలితే లోహపు రుచి దిగుతుంది. ఆరేడు నిమ్మకాయలు ఆ కుక్కర్‌లో మాత్రం పిండకండి. ఇంకో సంగతి, తడి చెంచా…

బోడుప్పల్ బ్యాచిలర్:
ముడత వచ్చింది. రంగు నల్లగయింది గానీ గట్టిగనే ఉంది. థ్యాంక్స్ అందరికీ.

సీసాలక్క:
రంగు బెల్లానిది. సీసాలు మరిగించారా లేదా?

నాచారం అమ్మడు:
ఇదే లెక్కలో సీతాఫలం జామ్ చేసుకోవచ్చా అండి?

ముక్తసరి:
వేడి చేస్తే చేదెక్కుతుంది. వద్దు.