ఆయిస్టర్ మీద నిమ్మకాయ పిండితే మస్కడే రుచి పోతుందా?

నాంత్_తెలుగు:
ఫ్రాన్స్‌లోని నాంత్‌కి వచ్చి ఆరేళ్లయింది. లువార్ నది సముద్రంలో కలిసే ఈ ప్రాంతపు తెల్ల వైన్ మస్కడే. పేరు చూసి తియ్యటి మస్కట్ వైన్ అనుకోకండి. తీపి ఉండదు, పుల్లగా, తేలిగ్గా గొంతు దిగుతుంది. 1709లో విపరీతమైన చలికి ఇక్కడి తోటలు చచ్చిపోతే, చలికి తట్టుకుంటుందని మెలోన్ అనే ద్రాక్షను నాటారు. ఈ వైన్ దాంతోనే చేస్తారు. సీసా మీద ‘సూర్ లీ’ అని ఉంటే చలికాలమంతా ఈస్టు మడ్డి మీదే ఉంచారని అర్థం. నాలుక మీద ఆ కాస్త చురుకు, రొట్టె వాసన అందుకే.

దీనికి పచ్చి ఆయిస్టర్లు (ఆల్చిప్పలు), రై రొట్టె, ఉప్పు వెన్న చాలు. మొన్న ఆదివారం మా ఇంటికొచ్చిన ఒకతను డజను ఆయిస్టర్ల మీద నిమ్మచెక్క పిండేశాడు. ఇక వైన్ తాగినా నీళ్లు తాగినా ఒకటే. నిమ్మకాయ వద్దంటాను. మీరేమంటారు?

గోదారి_గట్టు:
ఇక్కడ ఏ హోటల్లోనైనా ఆయిస్టర్ల పళ్లెంలో నిమ్మచెక్క వాళ్లే పెడతారు. పక్కన వెనిగర్‌లో వేసిన ఉల్లి ముక్కలు కూడా. అంతెందుకు, నాంత్ వాళ్ల బ్యూర్ బ్లాంక్ సాస్ ఉంది కదా. ఉల్లిపాయలు వెనిగర్‌లో మరిగించి వెన్న కలుపుతారు, చేప మీద పోసుకుని మస్కడేతోనే తింటారు. వెనిగర్ పుల్లన కాదా?

నాంత్_తెలుగు:
అందులో వెన్న ఎంత వేస్తారో చూశారా? వెన్న పులుపును కప్పేస్తుంది. నిమ్మచెక్క పెట్టేది అడిగేవాళ్ల కోసం. పెట్టారు కదా అని పిండాలని లేదు.

నెల్లూరు_రొయ్య:
మస్కడే నేను తాగలేదు. నాసిక్ తెల్ల వైన్ సువిన్యాన్ బ్లాంక్‌తో ఉప్పు, పసుపు రాసి వెన్నలో వేయించిన రొయ్యలు తిన్నా. దించాక నాలుగు చుక్కల నిమ్మరసం. బ్రహ్మాండంగా ఉంది.

లావణ్య_వంటిల్లు:
హోటల్ వంటింట్లో తొమ్మిదేళ్లు పని చేశాను. ఇద్దరూ సగం సగం చెప్తున్నారు. చింతపండు చప్పరించి వెంటనే పుల్ల మజ్జిగ తాగి చూడండి, మజ్జిగ చప్పగా ఉంటుంది. వైన్ కంటే తిండి పులుపెక్కితే జరిగేది అదే. ఉప్పు మాత్రం వైన్ పులుపును మెత్తబరుస్తుంది. ఆయిస్టర్ చిప్పలోని ఉప్పునీళ్లు మస్కడేకి కుదిరేది అందుకే. నాలుగు చుక్కలు వేరు, చెక్కంతా పిండడం వేరు. సీసా 8-10 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, మరీ చల్లబడితే నిమ్మకాయ ఉన్నా లేకున్నా ఏ రుచీ తెలియదు.

గోదారి_గట్టు:
లావణ్య గారూ, చుక్కల లెక్క నాకొద్దు. నాలుక నాది.

నాంత్_తెలుగు:
సీసా నాది. పొద్దున్నే బజారుకెళ్లి ఆయిస్టర్లు తెచ్చి, చేతికి గుడ్డ చుట్టుకుని కత్తితో ఒక్కొక్కటీ తెరిచాను. చిప్పలో నీళ్లు ఒలకకుండా పళ్లెంలో గళ్లుప్పు పరిచి నిలబెట్టాను. దాని మీద అలా పిండేస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

గోదారి_గట్టు:
అన్నా, ఇక దాచడమెందుకు. పిండింది నేనే. మీరు నా ముందు నుంచి పళ్లెం లాగేశారు, ఆరుగురి ముందు. అది ఇక్కడ రాయలేదేం?

శేషు_వైజాగ్:
అయ్యో.

నాంత్_తెలుగు:
తమ్ముడూ, లాగడం తప్పే. నిమ్మకాయ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

గోదారి_గట్టు:
నిమ్మకాయ కాదన్నా. మా ఆవిడ పొద్దున్నుంచీ నిలబడి చేపల పులుసు చేసి తెచ్చింది. మీరు మూత తీయలేదు. ‘ఈ వైన్‌కి సింపుల్ ఫుడ్డే ఉండాలి’ అని గిన్నె వంటింట్లో పెట్టేశారు. మా ఇంట్లో సింపుల్ అంటే అన్నం, పులుసే. ఉడికించని చిప్ప తేలికైన తిండీ, మాది గందరగోళమూనా? ఇంటికి వెళ్లే దాకా ఆవిడ మాట్లాడలేదు.

నాంత్_తెలుగు:
చిన్నచూపుతో కాదు. కారం తిన్న నోటికి ఆల్కహాల్ తగిలితే మంట ఇంకా పెరుగుతుంది. చింతపండు పులుపు ముందు మస్కడే నిలవదు. ఆ రోజు వచ్చిన ఫ్రెంచి జంటకి ఈ ఊరి జత సరిగ్గా చూపించాలనుకున్నాను. నేను కొత్తగా వచ్చినప్పుడు, భాష రాని నన్ను పక్కన నిలబెట్టుకుని మొదటి ఆయిస్టర్ తెరిచి తినిపించింది వాళ్లే.

లావణ్య_వంటిల్లు:
వైన్ ముందు ఆయిస్టర్లతో తాగేసి, గ్లాసులు తీసేసి, తర్వాత అన్నం, పులుసు వడ్డించొచ్చు కదండీ. వైన్‌కి సరిపోలేదని వచ్చినవాళ్ల వంట పక్కన పెడతారా? జత కుదరాల్సింది ముందు మనుషులకి.

నాంత్_తెలుగు:
నాకు తట్టలేదు. టెన్షన్‌లో ఉన్నాను.

నెల్లూరు_రొయ్య:
ఇంతకీ ఆ పులుసు ఏమైంది?

నాంత్_తెలుగు:
మర్నాడు నేనే వేడన్నంలో తిన్నాను. రెండు పూటలా. చాలా బాగుంది. గిన్నె కడిగి పెట్టాను, శనివారం తెచ్చిస్తాను.

గోదారి_గట్టు:
గిన్నె మా ఆవిడది. ఫోన్ ఆవిడకి చేయండి, నాక్కాదు.