పూల్‌లో స్కూబా నేర్పేవాళ్లు ఏ సామాను వాడతారు? సొంతంగా ఏది ముందు కొనాలి?

కొత్తపట్నం తీరం అడిగినది:

అందరికీ నమస్తే. మాది ఒంగోలు దగ్గర కొత్తపట్నం. నాన్న బోటు మీద వేటకెళ్తారు. నేను పాండిచ్చేరిలో స్కూబా (సిలిండర్ గాలితో నీటి అడుగున ఈదడం)లో డైవ్‌మాస్టర్ అనే ట్రైనింగ్ పూర్తి చేశాను. వచ్చే నెల నుంచి నెల్లూరులో ఒక ఇన్‌స్ట్రక్టర్ గారు పూల్ క్లాసులకు అసిస్టెంట్‌గా రమ్మన్నారు. ఇన్నాళ్లూ సెంటర్ వాళ్ల సామానే వాడుకున్నాను. ఇప్పుడు కొంత సొంతంగా కొనుక్కోవాలి, చేతిలో నలభై వేలున్నాయి. వింగ్ బీసీడీ (బీసీడీ అంటే గాలి నింపి తేలడానికి వేసుకునేది, వింగ్‌లో ఆ గాలి సంచి వీపు వెనకే ఉంటుంది), పొడుగు ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు) కొందామని మనసులో ఉంది. సముద్రంలో అవే నాకు బాగా నచ్చాయి. పూల్‌కీ సరిపోతాయా? నేర్పిన అనుభవం ఉన్న అన్నలు చెప్పండి.

పెన్నా గట్టు:

తమ్ముడూ, మాది నెల్లూరు మూలాపేట. తొమ్మిదేళ్లుగా పూల్ క్లాసులు చెబుతున్నాను. వింగ్ ఇప్పుడే కొనొద్దు.

నీళ్లలో నీ మాట ఎవరికీ వినపడదు. నేర్చుకునేవాళ్లకు ఉన్నవి కళ్లే. నీ ఒంటి మీద ఏది ఎక్కడుందో చూసి, తమ ఒంటి మీద కూడా అక్కడే వెతుక్కుంటారు. మొదటి ఏడాది నేనూ వింగ్ వేసుకుని, స్పేర్ రెగ్యులేటర్‌ని (సిలిండర్ గాలిని నోటికి అందించేది) మెడ కింద రబ్బరు తాడుకు తగిలించుకుని దిగేవాడిని. గాలి పంచుకోవడం నేర్పుతున్నప్పుడు ఒకమ్మాయి నన్ను చూసి తన గొంతు దగ్గర తడుముకుంది. ఆమె పసుపు ఆక్టోపస్, అంటే స్పేర్ రెగ్యులేటర్, కుడి పక్కటెముకల దగ్గర క్లిప్పుకే ఉంది. రెండుసార్లు తడిమి, దొరక్క, టెన్షన్ పడి లేచి నిలబడింది. నాలుగడుగుల నీళ్లు కాబట్టి సరిపోయింది. మరుసటి క్లాసుకే స్టూడెంట్లకు ఇచ్చే మామూలు జాకెట్ బీసీడీలోకి మారాను. ఈరోజుకీ అదే. ఫిన్స్ కూడా అంతే, పొట్టివి తీసుకో. పొడుగువైతే పక్కవాళ్ల మాస్కుకు తగులుతాయి.

డబ్బు ముందు మాస్కు మీద పెట్టు. నల్ల సిలికాన్ కాదు, తెల్లగా పారదర్శకంగా ఉండేది. అందులో వెలుతురు పడి నీ కళ్లు కనిపిస్తాయి. భయపడే మనిషికి నీ కళ్లు ప్రశాంతంగా కనిపించడమే సగం ధైర్యం. కొత్త మాస్కు అద్దాన్ని లోపలివైపు మామూలు తెల్ల టూత్‌పేస్టుతో రెండు మూడుసార్లు రుద్ది కడుగు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే సన్నటి పొర పోకపోతే ఆవిరి పడుతూనే ఉంటుంది. ఆ తర్వాత రోజూ ఒక్క చుక్క బేబీ షాంపూ చాలు.

తర్వాత మూడు మిల్లీమీటర్ల షార్టీ వెట్‌సూట్, అంటే పొట్టి చేతులు, పొట్టి కాళ్లు ఉండి ఒంటి వేడిని నిలిపే సూట్. నెల్లూరు మే నెల ఎండలో అదెందుకు అని అందరూ అంటారు. నీళ్లు గాలి కన్నా పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. స్టూడెంట్ గంటలో బయటికి వెళ్తాడు. నువ్వు రెండు బ్యాచ్‌లు అయ్యేదాకా దాదాపు కదలకుండా ఉండాలి. మూడో గంటకు పళ్లు కొట్టుకుంటుంటే ఎవరినీ సరిగ్గా గమనించలేవు.

నీళ్లలో మునగడానికి కట్టుకునే బరువులకు ఉత్త సీసం దిమ్మలు వద్దు. గుడ్డ సంచిలో సీసం గుండ్లు పోసినవి దొరుకుతాయి, అవి తెచ్చుకో. ఒకసారి నా చేతి నుంచి రెండు కిలోల దిమ్మ జారి ఒక హోటల్ పూల్‌లో టైల్ పగిలింది. డబ్బు కట్టాను, అయినా మళ్లీ లోపలికి రానివ్వలేదు. సిలిండర్ కూడా గట్టు మీద నిలబెట్టి వదలొద్దు, పడుకోబెట్టాలి.

బరువు ఎంత కట్టాలో లెక్క మారుతుంది. మైపాడు సముద్రంలో తేలినంత సులువుగా బావిలో తేలమని నీకు తెలిసిందే. ఉప్పునీళ్లు రెండున్నర శాతం దాకా బరువెక్కువ. మనిషీ సామానూ కలిసి వంద లీటర్ల చోటు ఆక్రమిస్తే, సముద్రానికి రెండు రెండున్నర కిలోలు అదనంగా కావాలి. పూల్‌లో కుదిరిన బరువును స్టూడెంట్లు సముద్రానికి యథాతథంగా తీసుకుపోకుండా ముందే చెప్పు.

సామానుకు శత్రువు క్లోరిన్. రంగు వెలిసిపోవడంతో ఆగదు, కుట్టు దారాలు కూడా పాడవుతాయి. క్లాసు అవగానే ఇన్‌ఫ్లేటర్ (బీసీడీలోకి గాలి నింపే గొట్టం) నోట్లోంచి మంచినీళ్లు పోసి, బీసీడీని తిప్పి ఊపి, తలకిందులు చేసి వంచెయ్. రెండుసార్లు. బటన్ నొక్కుతూ దాన్ని కూడా కడుగు. మాకోసారి అది ఇరుక్కుపోయి, ఎవరూ నొక్కకుండానే జాకెట్ ఉబ్బుకుంటూ పోయింది. అప్పుడు సిలిండర్ వైపు నుంచి దానికి గాలి తెచ్చే లో ప్రెషర్ గొట్టం ఊడదీయడం ఒక్కటే దారి. అది స్టూడెంట్లకు మొదటి రోజే నేర్పు.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. గాలి అయిపోతే వెల్డింగ్ ఆక్సిజన్ నింపిద్దామని, రొయ్యల చెరువు దగ్గరి కంప్రెసర్ వాడదామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. సిలిండర్లో ఉండాల్సింది ఊపిరికి పనికొచ్చేలా వడకట్టిన మామూలు గాలి. మామూలు కంప్రెసర్ ఆ ఒత్తిడికి చేరదు, పైగా నూనె ఆవిర్లు వస్తాయి. స్వచ్ఛమైన ఆక్సిజన్ మామూలు రెగ్యులేటర్‌లో అంటుకునే ప్రమాదం ఉంది. మన పదకొండు లీటర్ల అల్యూమినియం సిలిండర్‌లో రెండువందల బార్ ఒత్తిడి ఉంటే రెండువేల రెండువందల లీటర్ల గాలి. పూల్ లోతులో కొత్తవాళ్లకు కూడా గంటకు పైగా వస్తుంది. హడావుడి పడాల్సిన అవసరమే రాదు.

కావలి సుజాత:

నేను నేర్చుకున్నదాన్నే, నేర్పేదాన్ని కాదు. ఒక్క మాట. మాస్కు సిలికాన్ పట్టీ జడకు చిక్కుకుని జుట్టు పీకేస్తుంది. మాస్కు తీసి పెట్టుకోవడం నేర్పేటప్పుడు నాకు నీళ్లకన్నా ఆ నొప్పే గుర్తుంది. పట్టీకి నియోప్రీన్ తొడుగు దొరుకుతుంది. అలాంటివి రెండు నీ సంచిలో ఉంచు తమ్ముడూ, ఆడపిల్లలు చాలా సంతోషిస్తారు.

కొత్తపట్నం తీరం:

అన్నా, అక్కా, చాలా థాంక్స్. వింగ్ మానేశాను. రెగ్యులేటర్, డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం చూపేది) కూడా ఇప్పుడే కొనాలా? నాలుగడుగుల నీళ్లలో కంప్యూటర్ దేనికి?

పెన్నా గట్టు:

రెగ్యులేటర్ ఆగు, ఏడాది సెంటర్‌దే వాడు. కంప్యూటర్ మాత్రం పాతదైనా చేతికి కట్టు. అంత తక్కువ లోతులో చాలావాటికి డైవ్ లెక్క మొదలవదు, అది నిజమే. కానీ నువ్వు మణికట్టు చూసుకోవడం, గాలి ఎంతుందో చెప్పే గేజీ చూసుకోవడం వాళ్లు చూస్తారు, అదే అలవాటవుతుంది. నాలుగడుగులే కదా అని ఊపిరి బిగబట్టి ఎవరినీ పైకి రానివ్వకు. నిండు ఊపిరితో ఆ మాత్రం లోతు నుంచి లేచినా ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు.

జేబులో ఒక స్పేర్ మాస్కు, ఫిన్ పట్టీ, నాలుగు ఓ-రింగులు (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగులు), పెన్సిల్ కట్టిన స్లేటు పెట్టుకో. మాస్కు షాపులో ఎంచుకునేటప్పుడు పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి లాగి చేతులు వదిలెయ్. జారకుండా నిలిస్తే అదే తీసుకో. మీసం ఉంటే ముక్కు కింద సన్నగా ఒక గీత గీయించు, లేకపోతే ఎంత ఖరీదైన మాస్కైనా కారుతుంది.