15,000 కి.మీ.కి ఒకసారి ఆయిల్ మార్పు: పుస్తకం మాటే వినాలా, సగంలోనే మార్చేయాలా?

తొలిగేర్:
నా కారు 1.2 లీటర్ల మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే రకం), టైమింగ్ చైన్ (పిస్టన్ల కదలికకూ వాల్వుల కదలికకూ లెక్క కుదిర్చే గొలుసు). ఆయిల్ గ్రేడ్ 0డబ్ల్యు-20, ఫిల్టర్‌తో కలిపి 4.2 లీటర్లు పడుతుంది. ఆయిల్ మార్పు 15,000 కి.మీ. లేదా ఏడాది, ఏది ముందు వస్తే అది అని ఓనర్స్ మాన్యువల్‌లో ఉంది. కారు కొని తొమ్మిది నెలలైంది, తిరిగింది 2,300 కి.మీ. మాత్రమే. ఆఫీసుకి 4 కి.మీ., ఇంటికి 4 కి.మీ. ఒక్కసారి తీస్తే అంతకు మించి దూరం ఎప్పుడూ వెళ్లలేదు.

మొన్న పొద్దున బండి తీయకముందే డిప్‌స్టిక్ తుడిచి చూశాను. ఆయిల్ పై గీత దాటి అర సెంటీమీటరు పైకి ఉంది. నేను ఒక్క చుక్క కూడా పోయలేదు. వాసన చూస్తే పెట్రోల్ గుప్పుమంది. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే "ఇంకా చాలా టైముంది సార్, టెన్షన్ పడకండి" అన్నారు. పడకుండా ఎలా ఉంటాను? ఇప్పుడే మార్చాలా, ఏడాది నిండేదాకా ఆగాలా? అసలు ఈ 15,000 అనే లెక్క నమ్మొచ్చా?

మాన్యువల్_మాట:
నమ్మొచ్చు. ఆ అంకె ఎవరికో తోచి రాసింది కాదు. ఇంజిన్ తయారుచేసినవాళ్లు టెస్ట్ బెంచ్ మీద వందల గంటలు ఫుల్ లోడ్‌లో తిప్పి, విప్పి, అరుగుదల కొలిచి ఇస్తారు. 5,000కి ఒకసారి మార్చాలన్నది మినరల్ ఆయిల్, కార్బ్యురేటర్ రోజుల అలవాటు. ఇప్పటి సింథటిక్ ఆయిల్ వేరే. 2020లో వచ్చిన ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్‌పీ అనే ఆయిల్ నాణ్యతా ప్రమాణంలో టైమింగ్ చైన్ అరుగుదలకు విడిగా ఒక పరీక్ష ఉంది. తక్కువ ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకునే జబ్బు టర్బో ఇంజిన్లకు ఉంటుంది కదా, దానికీ పరీక్ష ఉంది. ఇంత చేసి తయారుచేసిన ఆయిల్‌ని సగం వాడి పారబోయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. వాడేసిన ఆయిల్ నేలలో, నీళ్లలో కలిస్తే ఏమవుతుందో కూడా ఆలోచించాలి.

టార్క్‌రెంచ్:
22 ఏళ్లుగా ఇంజిన్లు విప్పుతున్నాను. ఒక బండి సంగతి చెబుతాను, కంపెనీ పేరు అనవసరం. 80,000 కి.మీ. తిరిగిన డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో. సర్వీస్ బుక్‌లో ముద్రలన్నీ సరిగ్గా 15,000కి ఒకటి చొప్పున పడ్డాయి, ఒక్కటి కూడా తప్పలేదు. పొద్దున స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లు రేకు డబ్బాలో గొలుసు వేసి ఊపినట్టు శబ్దం, తర్వాత మాయం. స్కానర్ పెడితే పి0016 అనే లోపం కోడ్. అంటే పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌కీ వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్‌కీ లెక్క కుదరడం లేదని.

వాల్వ్ కవర్ తీస్తే లోపల గోటితో గీస్తే గీత పడేంత మడ్డి. చైన్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ప్లంజర్ దాదాపు చివరి పన్నుదాకా బయటికి వచ్చేసింది. పాత చైన్‌నీ కొత్త చైన్‌నీ ఒకే మేకుకి పక్కపక్కన వేలాడదీసి ఓనర్‌కి చూపించాను. పాతది అర సెంటీమీటరు కిందికి దిగింది. మనం చైన్ సాగిందంటాం కానీ ఇనుము సాగదు. లింకుల మధ్య పిన్నులు అరుగుతాయి. ఒక్కో పిన్ను దగ్గర వెంట్రుకలో వంతు అరిగినా అన్నీ కలిస్తే ఆ పొడవు వస్తుంది. అరగదీసేది ఆయిల్‌లో చేరిన మసి. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో ఆ మసి ఎక్కువ. పైగా టెన్షనర్ పనిచేసేది ఆయిల్ ప్రెషర్ మీద. వాల్వులు తెరిచే సమయాన్ని ఆయిల్‌తో మార్చే వీవీటీ సాలినాయిడ్ ముందు సన్నటి జాలీ ఉంటుంది, మడ్డి పడితే అదీ మూసుకుంటుంది. పిస్టన్ ఆయిల్ రింగు రంధ్రాలు పూడుకుంటే ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. ఇవన్నీ వేరువేరు జబ్బుల్లా కనిపిస్తాయి, మూలం మాత్రం ఒకటే. నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ పుస్తకంలో ఉన్నదానికి సగంలోనే మార్చమని చెబుతాను.

లాంగ్‌డ్రైవ్:
కొత్తగా కారు కొన్నవాళ్లను ఇంత భయపెట్టకండి. నాది 1.5 లీటర్ల నాలుగు సిలిండర్ల మామూలు ఇంజిన్, టర్బో లేదు, పోర్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్ సిలిండర్ బయటే, ఇన్‌టేక్ వాల్వ్ ముందు చిమ్మే రకం). 1,60,000 కి.మీ. అయింది. మొదటి నుంచీ 15,000కే మారుస్తున్నాను. రెండు మార్పుల మధ్య ఆయిల్ కింది గీతదాకా ఎప్పుడూ దిగలేదు, చైన్ శబ్దం లేదు. నేను తిరిగేదంతా హైవే, ఎక్కితే వంద కిలోమీటర్లకు తక్కువ ఉండదు.

మాన్యువల్_మాట:
అదే నేను చెప్పేది. టార్క్‌రెంచ్ గారూ, మీ అనుభవాన్ని కాదనను. కానీ ఆస్పత్రిలో కూర్చుని చూస్తే ఊరంతా రోగులే కనిపిస్తారు. బాగున్న ఇంజిన్ మీ దగ్గరికి విప్పించుకోవడానికి రాదు కదా. లాంగ్‌డ్రైవ్ గారి లాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు కనపడదు.

ఆయిల్_ల్యాబ్:
వాడిన ఆయిల్ శాంపిళ్లు పరీక్షించడం నా ఉద్యోగం. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఇద్దరూ కిలోమీటర్లే లెక్కపెడుతున్నారు. చిక్కంతా అక్కడే ఉంది.

సగటున గంటకు 60 కి.మీ. వేగంతో వెళ్లే బండికి 15,000 కి.మీ. అంటే 250 గంటలు. ట్రాఫిక్‌లో గంటకు 20 కి.మీ. సగటున నడిచేదానికి 750 గంటలు. మీటర్ మీద అదే అంకె, ఇంజిన్ పడిన కష్టం మూడింతలు. ఇక తొలిగేర్ గారి సంగతి. 2,300 కి.మీ.ని 4తో భాగిస్తే 575. అంటే ఇంజిన్ 575 సార్లు స్టార్ట్ అయింది, ఒక్కసారీ పూర్తిగా వేడెక్కకుండానే ఆగింది. లాంగ్‌డ్రైవ్ గారి ఇంజిన్‌కి 15,000 కి.మీ. మొత్తానికీ 150 స్టార్ట్‌లు మించవు.

చల్లటి ఇంజిన్‌కి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో ఆ పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది. గోడ చల్లగా ఉంటే కొంత అక్కడే తడిగా అంటుకుని, రింగుల పక్కనుంచి అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లోకి జారుతుంది. నీళ్ల సంగతీ అంతే. లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. చాలా వరకు సైలెన్సర్‌లోంచి ఆవిరిగా పోతుంది, కొంత కిందికి దిగుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కి కొంతసేపు నడిస్తే ఆయిల్‌లో చేరిన నీరు, పెట్రోల్‌లో చాలా భాగం ఆవిరై పీసీవీ (సంప్‌లోని ఆవిర్లను ఇన్‌టేక్‌లోకి పంపే వాల్వ్) ద్వారా మళ్లీ ఇంజిన్‌లోకే వెళ్లి కాలిపోతాయి. డాష్‌బోర్డ్ మీద టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చిందంటే కూలెంట్ వేడెక్కిందని అర్థం. ఆయిల్ వేడెక్కడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. 4 కి.మీ.లో ఆ స్థితికి రాదు.

మీ 0డబ్ల్యు-20 లాంటి 20 గ్రేడ్ ఆయిల్‌కి 100 డిగ్రీల దగ్గర కనీసం 6.9 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) ఉండాలి. అసలే పల్చటి ఆయిల్, అందులో నాలుగైదు శాతం పెట్రోల్ కలిస్తే ఆ కనీస అంకె కిందికి జారిపోతుంది. తొలిగేర్ గారూ, మీ ఆయిల్ మట్టం పెరగడానికి కారణం ఇదే. మట్టం పెరిగింది కదా అని సంతోషించే విషయం కాదు. మరీ పెరిగితే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది. ఏడాది దాకా ఆగకండి, ఈ వారమే మార్చేయండి.

మాన్యువల్_మాట:
ఆయిల్_ల్యాబ్ గారి పోస్ట్ చదివాక నా కారు పుస్తకం మళ్లీ తీశాను. సర్వీస్ పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఇంకో పట్టిక ఉంది, కఠిన పరిస్థితుల్లో వాడేవారికని. మాటిమాటికీ చిన్న దూరాలు, దుమ్ము రోడ్లు, ఎక్కువసేపు ఐడ్లింగ్, ట్రైలర్ లాగడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 7,500 కి.మీ. లేదా ఆరు నెలలు. నిజం చెప్పాలంటే ఇన్నేళ్లలో ఆ పేజీ నేను చదవలేదు. ట్రాఫిక్‌లో తిరిగే చాలామంది ఆ పట్టిక కిందికే వస్తారు.

అయినా నా మాట మార్చుకోను. పుస్తకం తప్పు చెప్పలేదు, మనం సగం పుస్తకమే చదివాం. హైవే మీద తిరిగేవాళ్లను కూడా సగంలో మార్చమనడం మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

టార్క్‌రెంచ్:
లాంగ్‌డ్రైవ్ గారి ఇంజిన్‌కి 15,000 సరిపోతుంది, అది ఒప్పుకుంటాను. టర్బో లేని పోర్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ ఆయిల్‌ని అంత బాధపెట్టదు. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షన్నర చుట్లకు పైగా తిరుగుతుంది, దాన్ని తేల్చి పట్టుకునేది సన్నటి ఆయిల్ పొరే. ఎక్కువ వేగంతో వచ్చి వెంటనే ఇంజిన్ ఆపేస్తే బేరింగ్‌లో మిగిలిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. అందుకే నా సగం లెక్క డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల వరకు ఉంచుతాను.

ఆయిల్‌లో తడుస్తూ తిరిగే టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్లకైతే ఇంకా జాగ్రత్త. 2012లో వచ్చిన ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్, ప్యూజో సిట్రోయెన్ల 1.2 ప్యూర్‌టెక్ ఈ రకమే. పెట్రోల్ కలిసిన ఆయిల్‌లో నానితే రబ్బరు ఉబ్బి, పొరలు ఊడి, ఆ తుక్కు ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడుతుంది. ప్రెషర్ లైట్ వెలిగేసరికే ఆలస్యమైపోయి ఉంటుంది. రెండు కంపెనీలూ తర్వాతి వెర్షన్లలో చైన్‌కి మారాయి.

ఇంకో మాట. ఆయిల్ ఎంత త్వరగా మార్చినా తీరని జబ్బూ ఉంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో ఇన్‌టేక్ వాల్వ్ వెనక పెట్రోల్ పడదు, కడిగేది ఏదీ లేదు. పీసీవీ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి అక్కడ కాలి నల్లటి పెచ్చులా పేరుకుంటుంది. ఐడ్లింగ్‌లో వణుకు, మిస్‌ఫైర్ వస్తే మానిఫోల్డ్ విప్పి అక్రోట్ పెంకుల పొడి గాలితో కొట్టి శుభ్రం చేయడమే. పెట్రోల్‌లో కలిపే సీసా మందులు ఆ వాల్వ్‌ని తాకనే తాకవు. ఎవరైనా అంటగడితే వద్దనండి.

ఆయిల్_ల్యాబ్:
ఆ చివరి మాట అందరూ గుర్తుంచుకోవాలి. ఇంజెక్టర్ శుభ్రపడుతుంది, వాల్వ్ వెనక భాగం కాదు. కొన్ని కంపెనీలు ఇదే కారణంగా ఒక్కో సిలిండర్‌కి డైరెక్ట్, పోర్ట్ రెండు రకాల ఇంజెక్టర్లూ పెడుతున్నాయి. టొయోటా డి-4ఎస్ అలాంటిదే.

తొలిగేర్:
అందరికీ థాంక్స్ అండీ. రెండో రోజే మార్పించాను, పక్కనే నిలబడి చూశాను. పట్టేది 4.2 లీటర్లు కదా, కొలత డబ్బాలో దిగింది 4.4. నల్లగా ఉంటుందనుకున్నాను కానీ, అంతకంటే ఎక్కువగా గమనించింది పల్చదనం. వేళ్ల మధ్య రుద్దితే జిగురే లేదు. ఫిల్లర్ మూత కింద మీగడ రంగు నురగ కొద్దిగా ఉంది, తుడిచేశాం.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఊరి బయటికి ముప్పావుగంట నడుపుతున్నాను. ఆరు వారాలైంది. ఈరోజు చూస్తే ఆయిల్ పై గీతకి కాస్త కిందే ఉంది, పెట్రోల్ వాసన లేదు. ఆరు నెలలకు ఒకసారి మార్చాలని అనుకుంటున్నాను. మధ్యలో బయట మార్పిస్తే వారంటీకి ఇబ్బంది అవుతుందా?

టార్క్‌రెంచ్:
పుస్తకంలో చెప్పిన సర్వీసులు ఎలాగూ మానేయరు కదా, మధ్యలో చేయించేది అదనం. ముందు వారంటీ పుస్తకంలో షరతులు ఒకసారి చదువుకోండి. బిల్లు మీద ఆయిల్ గ్రేడ్, పుస్తకంలో రాసిన స్పెసిఫికేషన్ నంబర్, తేదీ, మీటర్ రీడింగ్ నాలుగూ రాయించుకోండి. రేపు చైన్ శబ్దం వచ్చి వెళితే మొదట అడిగేది ఆ కాగితాలే.