పైజియం బెరడు: అడవి చెట్టును ముట్టుకోకుండా నిషేధించాలా?

కొండగాలి:
మా నాన్నగారు ప్రొస్టేట్ వాపుకు వాడే మాత్రల డబ్బా మీద ‘పైజియం’ అని ఉంది. ఆరా తీస్తే, అది ఆఫ్రికా కొండ అడవుల్లో పెరిగే ప్రూనస్ ఆఫ్రికానా చెట్టు బెరడు సారమని తేలింది. ఆ బెరడు కోసం కామెరూన్‌లో చెట్లను నిలువునా చంపారట. అడవి బెరడును నిషేధించి, తోటల్లో పెంచిందే కొంటే పోదా?

దువాలా ప్రవాసి:
కామెరూన్ పర్వతం దగ్గర ఒలవడం కళ్లారా చూశాను. కత్తితో గాటు పెట్టి పలకలా లేపుతారు. లేచిన చోట చెయ్యి పెడితే తడి, చేదు బాదం వాసన. పద్ధతి ప్రకారం కాండం చుట్టూ ఎదురెదురుగా రెండు పావు వంతులే, అదీ మొదటి కొమ్మ వరకే తీయాలి. అప్పుడు బెరడు మళ్లీ పడుతుంది. చుట్టూ ఒలిస్తేనే చావు. కిలోల లెక్కన కూలి ఇస్తుంటే సగం బెరడు వదిలేసి దిగేవాడు ఎవడండీ?

మొక్కల మాస్టారు:
‘మళ్లీ పడుతుంది’ అన్నది సగం నిజం. నాలుగైదేళ్ల విరామం చాలనుకున్నారు. చాలా చెట్లకు చాలలేదు, కొసకొమ్మలు ఎండిపోయాయి. వన్యజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం జాబితాలో 1995 నుంచీ ఉన్నా చెట్ల నరికివేత ఆగలేదు. 2007లో ఐరోపా సమాఖ్య కామెరూన్ బెరడు దిగుమతినే కొంతకాలం నిలిపేసింది. అన్నట్టు, మన ఎర్రచందనం కూడా 1995లోనే ఆ జాబితాకెక్కింది. శేషాచలంలో గొడ్డళ్లు ఆగాయా?

కొండగాలి:
అందుకే కదండీ తోటలు అంటున్నాను!

గట్టుమీది రైతు:
తోట అనగానే అయిపోదు. ఈ విత్తనం కొన్ని వారాల్లోనే మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటుంది. బెరడు చేతికి రావాలంటే 12–15 ఏళ్లు ఆగాలి. అంతవరకు రైతు ఏం తినాలి? కామెరూన్ వాయవ్య కొండల్లో చిన్న రైతులు పొలాల్లో ఈ చెట్లు నాటుకున్నారు. మీ నిషేధం వస్తే ముందు ఇరుక్కునేది వాళ్లే. ఒలిచి ఎండబెట్టిన బెరడు చూసి ఇది అడవిది, ఇది పొలంది అని ఎవరు చెప్పగలరు? నా ఎర్రచందనం నా పొలంలోదేనని రుజువు చేసుకోవడానికి నేను ఎక్కని ఆఫీసు మెట్టు లేదు.

దువాలా ప్రవాసి:
నాటిన రోజే చెట్టుకు నంబరు వేసి, రైతు పేరున నమోదు చేయాలి. కూలి కూడా కిలోకు కాదు, పద్ధతిగా ఒలిచిన చెట్టుకింత అని ఇవ్వాలి.

మొక్కల మాస్టారు:
దానికి ఒప్పుకుంటాను. కానీ అడవిలో విత్తనమిచ్చే పెద్ద చెట్లను మాత్రం అసలు ముట్టకూడదు. వాటి పండ్లు తిని విత్తనాలు చల్లేది పక్షులూ కోతులూ. ఆ చెట్లే పోతే మీ తోటలకు నారు ఎక్కడి నుంచి తెస్తారు?

కొండగాలి:
మాస్టారూ, ఇందాక మళ్లీ డబ్బా తిప్పి చూశాను. తయారీ తేదీ ఉంది, ధర ఉంది. బెరడు ఏ దేశానిదో, అడవిదో పొలందో ఒక్క ముక్క లేదు. ఇంకా ఇరవై మాత్రలున్నాయి. అయ్యేలోపు నాన్నగారి డాక్టరును వేరే మందు గురించి అడగాలనుకుంటున్నాను.