అప్‌డేట్: 4×5 అంగుళాల ఫిల్మ్ కెమెరాలో మసక ఫొటోలు, లెన్స్ నిర్దోషే (దాదాపు)

లెన్స్ రంధ్రం బాగా తెరిచే ఎఫ్/5.6లో మన విశాఖ డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ మసకగా, రంధ్రం బాగా చిన్నదయ్యే ఎఫ్/22లో ఫర్వాలేదన్నట్టుగా వస్తోంది, 150 మి.మీ. లెన్స్ పాడైందా అని అడిగాను కదా. స్కేలు టెస్ట్ చేయమన్న అన్నగారికి ముందుగా దండం.

స్కేలును 45 డిగ్రీల వాలులో పెట్టి, 15 సెం.మీ. గీత మీద లూపుతో (చిన్న భూతద్దంతో) ఫోకస్ చేసి ఎఫ్/5.6లోనే తీశాను. నెగటివ్‌లో ఆ గీత మసక. దాని వెనక గీతలు మాత్రం కత్తిలా ఉన్నాయి! వెనక ఫ్రేము విప్పితే తెలిసింది, పాత యజమాని ఎవరో గ్రౌండ్ గ్లాస్‌ను (బొమ్మ పడేలా ఒక వైపు గరుకుగా ఉండే, ఫోకస్ చూసుకునే గాజు పలకను) తిరగేసి బిగించారు. గరుకు వైపు లెన్స్‌కేసి ఉండాలి, ఇక్కడ నాకేసి ఉంది. గాజు మందం 2 మి.మీ., అందులో వెలుగు వంగుతుంది కాబట్టి ఫోకస్‌లో దాదాపు 1.3 మి.మీ. తేడా. ఎఫ్/22లో పదునుగా పడే లోతు ఎక్కువ కాబట్టి అది ఇమిడిపోతుంది, ఎఫ్/5.6లో ఇమడదు. లైట్‌హౌస్ లాంటి దూరపు వస్తువైతే దాని వెనక పదును పడడానికి ఇంకేమీ మిగలదు, ఫ్రేమంతా మసకే.

తిప్పి బిగించాక పదును వచ్చింది, కాంట్రాస్ట్ రాలేదు. టార్చి వేసి చూస్తే లెన్స్ వెనక సెల్ (వెనక వైపు అద్దాల గుత్తి) లోపలి అద్దం మీద పాలపొర. మన ఊరి గాలికి ఫంగసేమో అని భయపడ్డాను గానీ దారాలు లేవు, ఉత్త పొరే. రిపేరాయన తుడిచిచ్చారు.

ఫ్రెనెల్ (గ్లాసు మీద బొమ్మ అంచుల దాకా వెలుగ్గా కనిపించేలా చేసే గాడుల పలక) పెట్టే ఆలోచన వాయిదా వేశాను. గ్లాసుకు లెన్స్ వైపు పెడితే మళ్లీ ఇదే పేచీ.