రొట్టె బోర్లించగానే ముంజేయి చాక్లెట్ కాగితంలా మెలిపడుతోంది

హనుమకొండ రిగ్గర్:
అన్నలూ, బ్లెండర్ అనే త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో మా బాపమ్మ జొన్నరొట్టె చేసే షాట్ చేస్తున్నా. రొట్టె అరచేతిలో ఉన్నంతసేపు బాగుంది. పెనం మీదికి బోర్లించగానే మణికట్టు దగ్గర చెయ్యి చాక్లెట్ కాగితంలా మెలిపడి సన్నబడుతోంది. మూడు రోజులు వెయిట్ పెయింటే చేశా, అంటే ఏ బోన్ (బొమ్మ లోపలి ఎముక) చర్మాన్ని ఎంత లాగాలో రంగుతో దిద్దడం. చెయ్యి సన్నబడకుండా ఆపే ప్రిజర్వ్ వాల్యూమ్ ఆప్షన్ పెడితే లావు వచ్చింది, మెలిక పోలేదు. బాపమ్మ చూసి "నా చెయ్యి విరిచినవేందిరా" అంది. ముంజేతి మీద ఆమె పచ్చబొట్టు కూడా సాగిపోతోంది.

కరీంనగర్ ఫిజియో:
నాకు బ్లెండర్ కొద్దిగానే వచ్చు, చెయ్యి మాత్రం రోజూ చూస్తా. ముంజేతిలో ఎముకలు రెండు. అల్నా మోచేతి దగ్గర తలుపు బందులా మడుస్తుంది, తన చుట్టూ తాను దాదాపు తిరగదు. రేడియస్ దాని మీదుగా అడ్డంగా పడితేనే అరచెయ్యి బోర్లా పడుతుంది. నడిమి స్థితి నుంచి అటూ ఇటూ దాదాపు 80 డిగ్రీలు. అందుకే చర్మం మోచేతి దగ్గర కదలదు, మణికట్టు వైపు పోయేకొద్దీ తిరుగుతుంది. మీరు తిరుగుడంతా మణికట్టుకే ఇచ్చినట్టున్నారు. బాపమ్మ చెయ్యి వెల్లకిలా ఒకటి, బోర్లా ఒకటి ఫోటోలు తీయండి. పచ్చబొట్టు ఎంత జరిగిందో అదే లెక్క.

మంచిర్యాల త్రీడీ:
డాక్టర్ గారు చెప్పిందే రిగ్‌లో, అంటే బొమ్మను కదిలించే బోన్ల చట్రంలో, పెట్టు తమ్మీ. ముంజేతి బోన్‌కు డిఫార్మ్ తీసేసి (అది చర్మాన్ని లాగకుండా), దాని పొడవునా మెలిక పంచుకునే మూడు ట్విస్ట్ బోన్లు పెట్టి దానికే పేరెంట్ చెయ్యి, అంటే దాని వెంటే కదిలేలా కట్టు. వాటికి చేతి బోన్ నుంచి తిరుగుడు తెచ్చే కాపీ రొటేషన్ పెట్టు, వై (బోన్ పొడవు అక్షం) ఒక్కటే, రెండు వైపులా లోకల్ స్పేస్. ఇన్‌ఫ్లుయెన్స్ (ఎంత వంతు తిరగాలో) మోచేతి నుంచి కిందికి పెరగాలి. ఇంకోటి, అరచెయ్యి వెల్లకిలా ఉంచి బైండ్ చేసినట్టున్నావు, అంటే చర్మాన్ని బోన్లకు అతికించినట్టున్నావు. బొటనవేలు పైకి ఉండేలా మోడల్ చేస్తే మెలిక రెండు వైపులకూ సగం సగం పడుతుంది. గాజులకు వెయిట్లు వద్దు, నేరుగా బోన్‌కు పేరెంట్ చెయ్యి, లేకుంటే కోడిగుడ్డులా అవుతాయి.

హనుమకొండ రిగ్గర్:
మెలిక పోయింది! కానీ రొట్టె తట్టేటప్పుడు మణికట్టు వెనక్కి వంగితే ముంజేయి కూడా కొంచెం తిరుగుతోంది.

మంచిర్యాల త్రీడీ:
తిరుగుడును మూడు అక్షాలుగా విడదీసే ఆయిలర్ లెక్కతో వచ్చే తిప్పలు. కాపీ రొటేషన్ తీసేసి డ్రైవర్ పెట్టు, అంటే చేతి బోన్ తిరుగుడు చదివి ట్విస్ట్ బోన్లను తిప్పే లెక్క. వేరియబుల్ ట్రాన్స్‌ఫార్మ్ చానల్, లోకల్ స్పేస్, మోడ్ స్వింగ్ అండ్ వై ట్విస్ట్. మణికట్టు వంగడం వేరు, తిరగడం వేరు అవుతాయి.

హనుమకొండ రిగ్గర్:
కుదిరింది. ఫోటోలు చూసి మూడు ట్విస్ట్ బోన్లకు మోచేతి నుంచి వరసగా చేతి తిరుగుడులో 0.15, 0.5, 0.85 వంతు ఇచ్చా. పచ్చబొట్టు ఇప్పుడు సాగడం లేదు. బాపమ్మ మళ్ళీ చూసింది, రొట్టె మందంగా ఉందంటోంది.